విమానంలో వైరు కాలిన వాసన వస్తే: మొదటి నిమిషం నుంచి కిందికి దిగేదాకా ఏం చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కుటుంబాలకు విమాన ప్రయాణం ఇప్పుడు కొత్త కాదు. కొడుకు హైదరాబాదులోనో, కూతురు బెంగళూరులోనో, అల్లుడు దుబాయిలోనో ఉంటారు. విశాఖకో భువనేశ్వర్‌కో రైలులోనో బస్సులోనో వెళ్లి అక్కణ్ణుంచి విమానం ఎక్కుతారు. పెద్దవాళ్లను ఒంటరిగా ఎక్కించి పంపడం కూడా మామూలైపోయింది. అయితే ఎక్కేముందు చెప్పే జాగ్రత్తలు అన్నీ టికెట్టు, ఆధార్, లగేజీ బరువు దగ్గరే ఆగిపోతున్నాయి. విమానంలో పొగ వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

విమానాల ఎలక్ట్రికల్ మరమ్మతు పనిలో చాలాకాలం ఉండి ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. ఈ పనిలో నేర్చుకున్నవాటిలో ప్రయాణికులకు తప్పక తెలియాల్సింది ఒకటుంది. ఎలక్ట్రికల్ పొగను చాలాసార్లు అందరికంటే ముందు పసిగట్టేది మనిషి ముక్కు. వాసన తగిలిన మనిషి మొహమాటానికి పోయి ఊరుకుంటే, మళ్లీ దొరకని నిమిషాలు పోతాయి.

ఎందుకింత తొందర

కెనడా రవాణా భద్రతా బోర్డు 1967 నుంచి 1998 దాకా విమానాల్లో జరిగిన 15 అగ్ని ప్రమాదాలను పరిశీలించింది. మంట లేదా పొగ తొలి గుర్తు కనిపించినప్పటి నుంచి విమానం చేజారిపోయేదాకా పట్టిన సమయం 5 నుంచి 35 నిమిషాలు మాత్రమే. విశాఖ నుంచి హైదరాబాదుకు గాల్లో ఉండేదే సుమారు గంట అని గుర్తుంచుకుంటే ఈ లెక్క ఎంత తక్కువో అర్థమవుతుంది.

1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయల్దేరిన స్విస్‌ఎయిర్ 111 విమానంలో పైలట్లకు ముందు ఏదో వాసన వచ్చింది. ఏసీ నుంచి వస్తోందేమో అనుకున్నారు. నిజానికి కాక్‌పిట్ పైకప్పు వెనకాల వైర్ల దగ్గర నిప్పురవ్వ పుట్టి, చుట్టూ ఉన్న ఇన్సులేషన్ దుప్పట్ల పైపొరకు అంటుకుంది. వాసన వచ్చిన దాదాపు 21 నిమిషాలకు విమానం సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. మంట పుట్టిన చోట పొగను కనిపెట్టే పరికరం ఏదీ లేదు.

ఇప్పటి ప్రయాణికుల విమానాల్లో టాయిలెట్లలో, కింద సామాను గదుల్లో, ఎలక్ట్రానిక్ పరికరాలుండే గదిలో పొగను కనిపెట్టే ఏర్పాట్లుంటాయి. గోడ ప్యానెళ్ల వెనక, పైకప్పు లోపల, మీ తల మీద లగేజీ పెట్టే అరలో, సీటు కింద ఛార్జింగ్ పెట్టెలో సాధారణంగా ఉండవు. అక్కడ ఏదైనా కాలితే ముందు తెలిసేది ఆ వరుసలో కూర్చున్నవాళ్లకే.

ఇంటి దగ్గర, సామాను సర్దేటప్పుడు

క్యాబిన్‌లో ఇప్పుడు ఎక్కువ భయపడాల్సింది విమానం వైర్ల కంటే మనం మోసుకెళ్లే లిథియం బ్యాటరీలకు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే వెనక వైపు లగేజీ అరలో మంట పుట్టి పైకప్పు కాలిపోయింది. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. ఒక పవర్ బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతిని మంట పుట్టి ఉండొచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు.

కాబట్టి సర్దడం ఇలా మొదలుపెట్టండి. ఇంట్లోని పవర్ బ్యాంకులన్నీ బయట పెట్టి ఒక్కొక్కటీ చదునైన బల్ల మీద ఉంచండి. పొట్ట ఉబ్బి బల్ల మీద ఊగుతున్నదీ, అంచు దగ్గర అతుకు విడిందీ, ఎప్పుడైనా గట్టిగా కింద పడిందీ, తడిసిందీ, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదీ ప్రయాణానికి పనికిరాదు. సంతలో తక్కువ ధరకు కొన్న, సామర్థ్యం ముద్రించని పవర్ బ్యాంకును కూడా నేనైతే విమానంలోకి తేను. దాని సామర్థ్యం ఎంతో చూపించలేకపోతే భద్రతా తనిఖీలో తీసేయమంటారు కూడా.

తర్వాత లెక్క. నియమాల్లో ఉండేది వాట్ అవర్ లెక్క. పవర్ బ్యాంకు మీద ఉన్న ఎంఏహెచ్ (mAh) అంకెను 3.7తో హెచ్చించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 10,000 అంటే 37, 20,000 అంటే 74, 27,000 అంటే దాదాపు 100, 30,000 అంటే 111. వంద దాకా మామూలుగా తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 దాకా విమానయాన సంస్థ అనుమతి కావాలి, అవీ రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల సామానులో అసలు పనికిరాదు. ఊళ్లో తమ్ముడికి ఇద్దామని ఎలక్ట్రిక్ స్కూటీ బ్యాటరీని పెట్టెలో పెట్టేవాళ్లుంటారు, అది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పవర్ బ్యాంకు కౌంటరులో ఇచ్చేసే లగేజీలో ఉండకూడదు. చేతి సంచిలోనే, అదీ చేతికందే చోట ఉండాలి. మనవాళ్లు బరంపురం నుంచి బయల్దేరితే చేతి సంచిలో అప్పడాల డబ్బాలు, చీరలు, మందులు, పిల్లల బట్టలు కుక్కి, వాటి అడుగున పవర్ బ్యాంకు పడేసి, ఆ సంచిని పైన అరలో తోసేస్తారు. అక్కడ అది రాజుకుంటే పొగ బయటికి వచ్చేసరికే ఆలస్యమవుతుంది, వచ్చాక ఏ సంచిలో ఉందో తెలీదు. ముందు సీటు కింద పెట్టుకునే చిన్న సంచిలో విడిగా, ఓపెన్ పిన్నులకు తాళాలు, నాణేలు తగలకుండా పెట్టండి. విమానం లోపల దానితో ఫోన్ ఛార్జింగ్ పెట్టకండి, దాన్నీ సీటు ప్లగ్గులో పెట్టకండి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. చోటు లేదని విమానం తలుపు దగ్గర సిబ్బంది మీ చేతి సంచి తీసుకుని కింద సామాను గదికి పంపిస్తే, ఇచ్చేముందు పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు బయటికి తీసేసుకోండి.

కూర్చున్న వెంటనే చేసే పనులు

మీ సీటు నుంచి ముందు తలుపుకు ఎన్ని వరుసలు, వెనక తలుపుకు ఎన్ని, రెక్కల మీది అత్యవసర ద్వారానికి ఎన్ని అని లెక్కపెట్టండి. కళ్లతో లెక్కపెట్టి వదిలేయకండి, సీటు వీపు పైభాగం చేతికి ఎలా తగులుతుందో ఒకసారి పట్టి చూడండి. పొగలో ఆ లెక్క మీద, చేతి మీద ఆధారపడే నడవాలి. నేల వెంబడి వెలుగు చూపే పట్టీ ఉంటుంది, దాన్ని కూడా గమనించండి.

పెద్దవాళ్లతో ఉంటే సీటు బెల్టు మీరే రెండు మూడుసార్లు పెట్టించి తీయించండి. కారు బెల్టుకు బటన్ నొక్కడం అలవాటైన చెయ్యి కంగారులో విమానం బెల్టులో కూడా బటన్ కోసమే వెతుకుతుంది. ఇక్కడ పైనున్న రేకు మూతను ఎత్తాలి. బయల్దేరేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు విడవకండి.

పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే వాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టండి. అందులో ఏం రాయాలో కింద చెప్తాను.

ఏది పొగ, ఏది కాదు

మన తీరప్రాంతంలో విమానం ఎక్కినవాళ్లకు మొదట ఎదురయ్యేది పొగలాంటి తెల్లటి ఆవిరి. వేసవిలో, వానాకాలంలో విశాఖలోగానీ భువనేశ్వర్‌లోగానీ గాల్లో తేమ బాగా ఉంటుంది. చల్లటి ఏసీ గాలి ఆ తేమకు తగిలి పైనున్న సందుల నుంచి మంచులా కిందికి జారుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు, కాస్సేపటికి మాయమవుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంజన్లు స్టార్ట్ చేసేటప్పుడు కిరోసిన్ లాంటి వాసన కొద్దిసేపు రావొచ్చు. వంటగది వైపు నుంచి భోజనం వేడెక్కే వాసన, ఒక్కోసారి మాడిన వాసన వస్తుంది. మురికి మేజోళ్ల లాంటి, ముక్కిన నూనె లాంటి వాసన వస్తే అది ఇంజన్ ఆయిల్ ఆవిరి గాలిలో కలిసినట్టు కావొచ్చు. అది ఎలక్ట్రికల్ కాదు గానీ అదీ చెప్పాల్సిందే.

ఎలక్ట్రికల్ వాసన వీటన్నిటికంటే ఘాటు. కాలిన ప్లాస్టిక్, రబ్బరు, ఒక్కోసారి చేప కంపు లాంటిది. ముక్కులో గుచ్చుతుంది, గొంతు గరగరమంటుంది. మొదట ఆగి ఆగి వస్తుంది. అది ఆగిపోయింది కదా, తగ్గిపోయిందిలే అనుకోవడం పొరపాటు. లిథియం బ్యాటరీ అయితే ఘాటైన తియ్యటి రసాయనం వాసన రావొచ్చు, దాని వెంట బుస్సుమనే చప్పుడు, తెల్లటి లేదా బూడిద రంగు పొగ.

గాలి ఎటు పోతుందో తెలిస్తే వాసన ఎక్కడిదో ఊహించడం తేలిక. పెద్ద విమానాల్లో గాలి పైనుంచి వచ్చి అదే వరుస దగ్గర నేల పక్క జాలీల్లోంచి బయటికి పోయేలా ఏర్పాటు చేస్తారు, ముందు నుంచి వెనక్కి పెద్దగా పారదు. క్యాబిన్ గాలి మొత్తం రెండు మూడు నిమిషాల్లో మారిపోతుంది. అందుకే వాసన మీ వరుసలో గట్టిగా ఉండి నాలుగు వరుసల అవతల లేకపోతే, దాని మూలం మీకు దగ్గర్లోనే ఉండే అవకాశం ఎక్కువ. కొంత గాలిని ఫ్యాన్లు వడకట్టి తిరిగి పంపుతాయి కాబట్టి ఇదే చివరి మాట కాదు. కానీ సిబ్బందికి వెతకడానికి ఇది మంచి ఆధారం.

చెప్పడం ఎలా

1983 జూన్ 2న డాలస్ నుంచి టొరంటో వెళ్తున్న ఎయిర్ కెనడా 797 విమానంలో చివరి వరుసలో కూర్చున్న ప్రయాణికుడు వింత వాసన వస్తోందని ఎయిర్ హోస్టెస్‌కు చెప్పాడు. వెనక టాయిలెట్ దగ్గర పొగ అప్పుడు బయటపడింది. ఆ మాటతోనే సిబ్బంది కదిలారు, ప్రయాణికులను ముందు వరుసలకు జరిపారు, విమానాన్ని సిన్సినాటిలో దింపారు. ఆ మనిషి మాట రాకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

మీరు చేయాల్సింది ఇది. తల మీద సిబ్బందిని పిలిచే బటన్ నొక్కండి. పది సెకన్లలో ఎవరూ రాకపోతే గొంతెత్తి పిలవండి, బెల్టు గుర్తు వెలుగుతున్నా సరే. దగ్గరకొచ్చాక నాలుగు విషయాలు చెప్పాలి: ఏ వరుస, ఏ చోటు నుంచి, ఎలాంటి వాసన లేదా ఏ రంగు పొగ, ఎప్పటి నుంచి. సీటు కిందనా, పైన అరలోనా, గోడ పక్కనా, టాయిలెట్ వైపా అన్నది వేలితో చూపించండి.

భాష అడ్డం కాకూడదు. మన వైపు పెద్దవాళ్లకు తెలుగు, ఒడియా వస్తాయి. హిందీ, ఇంగ్లిషు రాకపోవచ్చు. ఆ చీటీలో ఈ మాటలు తెలుగు లిపిలోనే రాసివ్వండి. హిందీలో: జల్‌నే కీ బూ ఆ రహీ హై. ఒడియాలో: పొడా గంధ ఆసుఛి. ఇంగ్లిషులో: స్మోక్, బర్నింగ్ స్మెల్, హియర్. ఏదీ నోటికి రాకపోతే స్మోక్ అన్న ఒక్క మాట అని చెయ్యి చూపిస్తే చాలు, సిబ్బంది కదులుతారు.

భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్లే విమానంలో నా పక్క వరుసలో రాయగడ నుంచి వస్తున్న అత్తాకోడళ్లు కూర్చున్నారు. "ఏటో కమురు వాసనొస్తందే" అంది పెద్దావిడ. "ఊరుకోండత్తయ్యా, అందరూ చూస్తున్నారు" అంది కోడలు. నేను అడిగితే ఆవిడ వంగి తన కాళ్ల దగ్గర సీటు కింద పెట్టెను చూపించింది. బటన్ నొక్కాను. ఎయిర్ హోస్టెస్ మోకాళ్ల మీద కూర్చుని వేళ్ల వెనక భాగం ఆ పెట్టెకు ఆనించి వెంటనే తీసేసింది, అంత వేడిగా ఉంది. సీట్ల కరెంటు మొత్తం ఆపేశారు. మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని ఒకామె దిగేదాకా ఆ వరుస దగ్గరే నిలబడింది. దిగాక చూస్తే, ప్లగ్గుకు వెళ్లే కేబుల్ సీటు కాలి అంచుకు రాసుకుని పైతొడుగు గోధుమ రంగుకు మారి ఒకచోట రాగి బయటపడింది. ఆ విమానంలో ఆ సంగతి మొదట తెలిసింది ఆ పెద్దావిడ ముక్కుకే.

సిబ్బంది ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు

ఇది తెలిస్తే భయం సగం తగ్గుతుంది. లేకపోతే లైట్లు ఆరిపోగానే అంతా అయిపోయిందనుకుని జనం లేచి పరుగెడతారు.

క్యాబిన్‌లో ఒకరు మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని మూలాన్ని వెతుకుతారు. ఇంకొకరు కాక్‌పిట్‌కు ఫోన్లో చెప్తారు. మరొకరు ఇంకో సిలిండర్, పొగలో ఊపిరి తీసుకునే తొడుగు తెస్తారు. తల మొత్తం కప్పే ఆ తొడుగు సుమారు 15 నిమిషాలు పనిచేస్తుంది. ప్యానెళ్లు, టాయిలెట్ తలుపులు, అరల మూతలను చేతి వెనక భాగంతో తాకి వేడి చూస్తారు. వేడిగా ఉన్న తలుపును ఒక్కసారిగా తెరవరు, లోపలికి గాలి వెళ్తే మంట ఎగసిపడుతుంది.

కాక్‌పిట్‌లో మొదటి పని ఆక్సిజన్ మాస్కు. ఒక్క చేత్తో 5 సెకన్లలో తగిలించుకునేలా దాన్ని తయారు చేస్తారు. 100 శాతం ఆక్సిజన్ వచ్చేలా పెట్టి, పొగ కళ్లలోకి పోకుండా కళ్లద్దాలు పెట్టుకుంటారు. పైలట్లకు చూపు, తెలివి నిలబడితేనే మిగతావి సాధ్యం. తర్వాత గాలిని తిప్పి పంపే ఫ్యాన్లు ఆపేస్తారు. వంటగది, సీట్ల తెరలు, ప్లగ్గులు లాంటి అవసరం లేని వాటికి కరెంటు తీసేస్తారు. అందుకే మీ ముందు తెర నల్లబడుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, కొన్ని లైట్లు పోతాయి. కరెంటు పోతే మంటకు ఆహారం పోతుంది. నిజానికి అది శుభవార్త.

మూలం దొరికి ఆరిపోయిందని గట్టిగా తెలిస్తే తప్ప, వెతుకుతూనే దగ్గర్లో దిగగలిగే విమానాశ్రయం వైపు తిప్పుతారు. గబగబా కిందికి దిగుతున్నట్టు చెవుల్లో తెలుస్తుంది. అది పడిపోవడం కాదు.

కరెంటు అదుపు తప్పితే దానంతటదే ఆపేసే బ్రేకర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లో ఎంసీబీ ట్రిప్ అయితే మనం వెంటనే పైకి లేపేస్తాం, మళ్లీ పడితే మళ్లీ లేపుతాం. విమానంలో ఆ పని చేయకూడదు. బ్రేకర్ పడిందంటే ఆ దారిలో ఎక్కడో వైరు తప్పుడు చోట తగులుతోందనో, ఏదో మోతాదు మించి కరెంటు లాగుతోందనో అర్థం. దాన్ని లేపితే అదే చోటికి మళ్లీ కరెంటు పంపినట్టే. ఎయిర్ కెనడా 797లో వెనక టాయిలెట్ ఫ్లష్ మోటారు బ్రేకర్లు మూడూ పడ్డాయి. కెప్టెన్ లేపి చూశారు, నిలవలేదు. కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నించారు. ఆ మంటకు కారణం చివరికి తేలలేదు. ఇప్పుడు పాటించే పద్ధతి ఏమిటంటే, గాల్లో ఉన్నప్పుడు పడిన బ్రేకర్‌ను లేపకూడదు. భద్రంగా దిగడానికి ఆ పరికరం తప్పనిసరి అని కెప్టెన్ నిర్ణయిస్తేనే, అదీ ఒకే ఒక్కసారి.

పైనుంచి ఆక్సిజన్ మాస్కులు ఎందుకు పడవని చాలామంది అడుగుతారు. ప్రయాణికుల మాస్కులోకి వచ్చే ఆక్సిజన్ చుట్టూ ఉన్న గాలితో కలుస్తుంది, అంటే పొగను కూడా పీలుస్తారు. ఆ మాస్కు గాలి ఒత్తిడి తగ్గినప్పటి కోసం పెట్టింది, పొగ నుంచి కాపాడదు. పైగా మంట ఉన్నచోట ఆక్సిజన్ వదలడం మంచిది కాదు. మాస్కు పడలేదని పైకప్పు మూతలు లాగొద్దు.

మీ ఫోనో పవర్ బ్యాంకో రాజుకుంటే

వేడెక్కి ఉబ్బుతున్నా, బుసకొడుతున్నా, పొగ వస్తున్నా ముందు అరిచి సిబ్బందిని పిలవండి. ఛార్జింగ్‌లో ఉండి, ప్లగ్గును చెయ్యి కాలకుండా లాగగలిగితే లాగేయండి. దాన్ని చేతిలో పట్టుకుని టాయిలెట్‌కో వంటగదికో పరుగెత్తకండి. చేతిలోనే పేలి పక్కవాళ్ల మీద నిప్పు పడుతుంది. మీరూ పక్కవాళ్లూ ఆ వరుస వదిలి జరగండి.

సిబ్బంది ముందు హాలోన్ లాంటి మందుతో మంట ఆర్పుతారు. అంతటితో పని అయిపోదు. బ్యాటరీ లోపల అనేక గదులుంటాయి, ఒకటి కాలి ఆ వేడి పక్కదానికి పాకుతుంది, ఆరిందనుకున్నది మళ్లీ రాజుకుంటుంది. అందుకే తర్వాత నీళ్లు ధారాళంగా పోసి చల్లబరుస్తారు. కరెంటు వస్తువు మీద నీళ్లేమిటని అడ్డుపడకండి. మీ దగ్గర నీళ్ల సీసా ఉంటే అందించండి. ఐసుముక్కలు పెట్టకూడదు, దుప్పటి కప్పకూడదు. రెండూ వేడిని లోపలే ఆపేస్తాయి.

ఫోన్ సీటు సందులో పడిపోతే సీటును ముందుకీ వెనక్కీ జరపకండి. సీటు ఇనుప భాగాల మధ్య నలిగిందంటే బ్యాటరీ అక్కడే అంటుకుంటుంది. సిబ్బందిని పిలిస్తే వాళ్లు చూసి తీస్తారు. పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పి పంపండి, ఎందుకంటే ఫోన్ పోయిందన్న కంగారులో అందరూ మొదట చేసే పని సీటు కదపడమే.

పొగలో ఊపిరి

పొగ పైకి పోతుంది, కింద గాలి కాస్త శుభ్రంగా ఉంటుంది. తల వంచి కూర్చోండి. రుమాలో చీర చెంగో కండువానో నీళ్లతో తడిపి ముక్కూ నోరూ కప్పుకోండి. తడి గుడ్డ మసిని, నీళ్లలో కరిగే కొన్ని మంట పుట్టించే వాయువులను ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. అందుకే గుడ్డ కప్పుకున్నాం కదా అని అక్కడే కూర్చోకుండా, జరగమంటే జరగాలి.

టాయిలెట్‌లో దాక్కోవద్దు. అలాగని చెప్పకుండా లేచి నడిమి దారిలో నిలబడితే సిలిండర్ పట్టుకుని వచ్చేవాళ్లకు దారి మూసినట్టే. పిల్లలను ఒళ్లోకి దించుకుని తల కిందికి ఉంచండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ పై అరలో పెట్టకుండా జేబులో ఉంచుకోవాలి.

దిగాక బయటపడటం

ఎయిర్ కెనడా 797 దిగాక తలుపులు తెరిచిన 60 నుంచి 90 సెకన్లలో లోపలంతా ఒక్కసారిగా మంటలు వ్యాపించాయి. 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు. నేల వెంబడి దారి చూపే వెలుగు, టాయిలెట్లలో పొగను కనిపెట్టే పరికరాలు తప్పనిసరి కావడం వెనక ఆ ప్రమాదం ఉంది.

2024 జనవరి 2న టోక్యోలోని హనేదాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూ రన్‌వే మీద మరో విమానాన్ని ఢీకొని కాలిపోయింది. మైకు పనిచేయకపోతే సిబ్బంది మెగాఫోన్‌లతో కేకలు వేశారు. ఉన్న 8 ద్వారాల్లో 3 మాత్రమే వాడగలిగారు. అయినా లోపలున్న 379 మందీ బయటపడ్డారు. ప్రయాణికులు సంచులు వదిలేసి కదలడం అందులో పెద్ద పాత్ర పోషించింది.

ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను. దిగమన్న మాట వినగానే బంగారం ఉన్న సంచైనా, పాస్‌పోర్టైనా, పెళ్లి చీరలైనా వదిలేయాలి. మీరు పై అర తెరిచి నిలబడిన ఆ పది సెకన్లు మీవి కావు, మీ వెనక వరుసల్లో ఉన్నవాళ్లవి. పాస్‌పోర్టు, డబ్బు, మందులు ముందే ఒంటి మీద ఉండే చిన్న సంచిలో పెట్టుకుంటే ఆ ఆశే పుట్టదు.

బెల్టు మూత ఎత్తి తీయండి. లెక్కపెట్టుకున్న వరుసల ప్రకారం వంగి నడవండి. ద్వారం మీరే తెరవాల్సి వస్తే కిటికీలోంచి చూడండి, బయట మంట కనిపిస్తే ఆ ద్వారం వదిలేసి వేరేదానికి వెళ్లండి. జారుబల్ల దగ్గర కూర్చుని తటపటాయించకుండా దూకాలి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. ఎత్తు మడమల చెప్పులు తీసేయాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు మోకాళ్ల పైకి ఎత్తి దోపుకుంటే కాళ్లకు చుట్టుకోదు. కింద పడగానే లేచి, గాలి వచ్చే వైపుకు, విమానానికి దూరంగా నడవండి. వీడియో తీయడానికి ఆగకండి.

చిన్న విమానమైతే

ఉడాన్ పథకం కింద జయపురం నుంచి నడిచిన సెస్నా కారవాన్ లాంటి తొమ్మిది సీట్ల విమానంలో ఎయిర్ హోస్టెస్ ఉండరు, టాయిలెట్ ఉండదు. వాసన వస్తే చెప్పాల్సింది నేరుగా పైలట్‌కే. ముందు వరుసలో ఉన్నవాళ్లు మధ్యలోంచి గట్టిగా చెప్తే వినిపిస్తుంది, దిగే ముందు నిమిషాల్లో పైలట్‌ను పలకరించకూడదని ఊరుకోకండి. పొగ సంగతి దిగేటప్పుడు కూడా చెప్పాల్సిందే. ఎక్కేటప్పుడు పైలట్ చూపించే మంట ఆర్పే సిలిండర్ ఎక్కడుందో, తలుపు పిడి ఎటు తిరుగుతుందో కళ్లతో చూసి పెట్టుకోండి.

తర్వాత

పొగ పీల్చినవాళ్లు బాగానే ఉన్నామనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం కార్బన్ మోనాక్సైడ్ గుర్తులు. ఊపిరితిత్తుల వాపు, గొంతు బొంగురు కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 చూపించినా నమ్మి ఊరుకోకండి. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ కలిసినా మామూలు ఆక్సీమీటర్ దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కపెడుతుంది. రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది. విమానాశ్రయంలోనే డాక్టరును అడగండి. ఊరికి వచ్చేశాక లక్షణాలు మొదలైతే బరంపురం ఎంకేసీజీ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లి, విమానంలో పొగ పీల్చానని మొదటే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు జలుబు మందులతో పంపేసే అవకాశముంది.

విమానం దిగిన రోజే ఒక కాగితం మీద రాసిపెట్టండి: విమానం నంబరు, సీటు, వాసన మొదలైన సమయం, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి చెప్పారు. మరమ్మతు చేసేవాళ్లకు వాసన ఏ వరుసలో పుట్టిందో తెలిస్తే విప్పాల్సిన ప్యానెళ్లు నాలుగో ఐదో అవుతాయి. తెలియకపోతే విమానం పొడవునా వెతకాల్సి వస్తుంది, వెతికినా దొరక్కపోవచ్చు.